ఫార్మాట్ కొడితే ఏం మారుతుంది, ఏం మారదు?

పాత ల్యాప్‌టాప్‌లో ఓఎస్ మళ్లీ వేసుకునే ముందు తెలుసుకోవలసిన సంగతులు

రామనగుడ ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక బ్లాకు కేంద్రం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొండవైపు ఊళ్లలో సవర, కువి వినిపించే ప్రాంతం. ఇక్కడి పిల్లలు ప్లస్ టూ దాటి గుణుపురంలోనో, రాయగడలోనో, సరిహద్దు దాటి పార్వతీపురంలోనో కాలేజీలో చేరగానే ల్యాప్‌టాప్ కావలసి వస్తుంది. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి పాతది వెతుక్కుంటారు. ఐటీ కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలించుకున్నవి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల దొరుకుతాయి. ఒడిశా ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన బిజూ యువ సశక్తీకరణ యోజన కింద ప్లస్ టూలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. తొలి విడతల్లో ఇచ్చినవాటికి పదేళ్లు దాటాయి. అన్న వాడిన అలాంటి యంత్రమే చెల్లెలి చదువుకు అక్కరకొస్తుంది.

ఇలా చేతికొచ్చిన ల్యాప్‌టాప్ మీద మొదటి ఫిర్యాదు ఒకటే: బాగా నెమ్మది. దానికి నలుగురూ చెప్పే మందూ ఒకటే: "ఫార్మాట్ కొట్టించెయ్." కొందరికి ఆ మందు ఒక్కసారికే గుణమిస్తుంది. కొందరికి రెండు మూడు వారాలు హాయిగా నడిచి మళ్లీ మొదటికొస్తుంది. ఇంకొందరికి దుకాణంవాడికి ఇచ్చిన డబ్బు తప్ప ఏమీ మారదు. ఫిర్యాదు ఒకటి, మందు ఒకటి, ఫలితాలు మాత్రం మూడు రకాలు. ఎందుకిలా?

ల్యాప్‌టాప్‌లో లోపం ఉండగలిగే చోట్లు నాలుగు. ఒకటి, డిస్క్ మీద రాసి ఉన్న సాఫ్ట్‌వేర్. రెండు, డిస్క్, ర్యామ్, ఫ్యాన్ లాంటి విడిభాగాలు. మూడు, మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులో నిలిచిపోయే సమాచారం. నాలుగు, యంత్రానికి బయట ఎక్కడో కంపెనీల సర్వర్లలో దాని పేరిట ఉన్న లెక్కలు. ఫార్మాట్ కొట్టి ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టం) మళ్లీ వేయడం వీటిలో మొదటిదాన్ని మాత్రమే తాకుతుంది. మిగతా మూడింటి జోలికి పోదు. తేడా అంతా ఇక్కడే ఉంది.

బటన్ నొక్కాక జరిగేది

పవర్ బటన్ నొక్కిన క్షణంలో విండోస్ గానీ లినక్స్ గానీ ఇంకా నిద్రలేవలేదు. ముందు లేచేది మదర్‌బోర్డు చిప్పులో కంపెనీవాళ్లు రాసి ఉంచిన చిన్న ప్రోగ్రాం. 1981లో ఐబీఎం తెచ్చిన పర్సనల్ కంప్యూటర్ కాలం నుంచి దాన్ని బయాస్ అంటున్నాం. ఇప్పుడొచ్చే యంత్రాల్లో దాని స్థానంలో యూఈఎఫ్ఐ ఉంటుంది. పేరేదైనా పని ఒకటే. ర్యామ్ ఉందా, కీబోర్డు పలుకుతోందా, తెర వెలుగుతోందా అని చూసుకుని, ఓఎస్ ఏ డిస్క్‌లో ఉందో వెతకడం.

పాత బయాస్ డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లు మాత్రమే చదువుతుంది. అందులో 446 బైట్ల ప్రోగ్రాం, డిస్క్‌ను ఎన్ని భాగాలు చేశారో చెప్పే చిన్న పట్టిక, చివర రెండు బైట్ల గుర్తు ఉంటాయి. అంత చిన్న ప్రోగ్రాం ఇంకో పెద్ద ప్రోగ్రామును పిలుస్తుంది, అది ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను ర్యామ్‌లోకి తెస్తుంది. కెర్నెల్ వచ్చాక డ్రైవర్లను ఒక్కొక్కటిగా లేపుతుంది. డ్రైవర్ అంటే ఫలానా వైఫై చిప్పుతో, ఫలానా టచ్‌ప్యాడ్‌తో ఎలా మాట్లాడాలో తెలిసిన సాఫ్ట్‌వేర్. ఆ తర్వాత తెర వెనక సేవలు, యాంటీవైరస్, అప్‌డేట్ చూసేవి, ఎవరూ అడగకుండానే మొదలయ్యే మెసెంజర్లు వరుసగా లేస్తాయి. అవన్నీ లేచాకగానీ మౌస్ మన మాట వినదు.

యూఈఎఫ్ఐ పద్ధతి కాస్త వేరు. అది 512 బైట్లతో సరిపెట్టుకోదు. డిస్క్‌లో ఇందుకోసమే కేటాయించిన చిన్న భాగంలోకి వెళ్లి, అక్కడున్న ఫైలును పేరు పెట్టి వెతుకుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ఈ డిస్క్‌లో విండోస్ వేయడం కుదరదు" అని వచ్చే సందేశానికి చాలాసార్లు మూలం ఇదే. పెన్‌డ్రైవ్ ఒక పద్ధతిలో లేచింది, డిస్క్ భాగాల పట్టిక ఇంకో పద్ధతిలో రాసి ఉంది. డిస్క్ పాడైపోలేదు, రెండూ ఒకే పద్ధతిలోకి వస్తే చాలు.

నెమ్మది ఎక్కడ పుడుతుంది?

సంతరోజు కిరాణా కొట్టు ఎలా ఉంటుందో చూడండి. బేరం చూసేది షావుకారు, ఆయన ప్రాసెసర్. ఎదుట ఉన్న బల్ల ర్యామ్. వెనకున్న గోదాం డిస్క్. ఏ సరుకు బల్ల మీదికి రావాలి, ఏది వెనక్కి వెళ్లాలి అని చూసుకునే గుమాస్తా ఓఎస్. కావలసిన సరుకు బల్ల మీదే ఉంటే బేరం క్షణాల్లో తెగుతుంది. గోదాంకి వెళ్లి తేవలసి వస్తే, షావుకారు ఎంత చురుకైనవాడైనా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

పదేళ్ల కిందటి చవక ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం తిరిగే హార్డ్ డిస్క్‌లే. అవి నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతాయి. అంటే ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం చదివే మొన కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. అంతకుముందు ఆ మొన సరైన వలయం దగ్గరికి జరగడానికి ఇంకో పది మిల్లీసెకన్లు పడుతుంది. కలిపితే ఒక్కో చిన్న ముక్కకు పదిహేను మిల్లీసెకన్ల పైమాటే. సెకనుకు అరవై ముక్కలు, మహా అయితే డెబ్బై. డిస్క్‌లో అక్కడక్కడా చెదిరి ఉన్న పదివేల ముక్కలు చదవాలంటే రెండున్నర నిమిషాలు. చిప్పుల్లో సమాచారం దాచే ఎస్ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏదీ లేదు. ఒక ముక్కకు మిల్లీసెకనులో పదో వంతు చాలు. అదే పదివేల ముక్కలు ఒక్క సెకనులో వచ్చేస్తాయి.

మొదట అడిగిన ప్రశ్నలో ఒక ముడి ఇక్కడ విడిపోతుంది. ఫార్మాట్ కొట్టిన వెంటనే లేవవలసిన ప్రోగ్రాములు తక్కువ, చదవవలసిన ముక్కలూ తక్కువ. అందుకే మొదటి వారం హాయిగా ఉంటుంది. తర్వాత బ్రౌజర్ వస్తుంది, అప్‌డేట్లు వస్తాయి, ఆఫీసు సాఫ్ట్‌వేర్, ప్రింటర్‌తో వచ్చిన ప్రోగ్రాం, వీడియో కాల్ యాప్ వస్తాయి. ముక్కలు మళ్లీ వేలల్లోకి పెరుగుతాయి. డిస్క్ తిరిగే వేగం మాత్రం నిమిషానికి 5,400 చుట్ల దగ్గరే ఉంటుంది. అందుకే మూడో వారానికల్లా కథ మొదటికొస్తుంది.

రెండో ముడి ర్యామ్‌ది. బల్ల చిన్నదైతే గుమాస్తా ఒక సరుకు పెట్టడానికి ఇంకోదాన్ని గోదాంకి పంపాలి, కాసేపట్లో మళ్లీ దాన్నే తేవాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో బ్రౌజర్ ట్యాబులు పది తెరిస్తే జరిగేది అదే. చోటు చాలని ఓఎస్ ర్యామ్‌లోని కొంత సమాచారాన్ని డిస్క్ మీదికి నెట్టి, అవసరం పడ్డప్పుడు వెనక్కి తెస్తుంది. ర్యామ్ నుంచి చదవడానికి సెకనులో కోటో వంతు సరిపోతుంది. తిరిగే డిస్క్ నుంచి చదవడానికి దానికి లక్షన్నర రెట్లు ఎక్కువ కాలం. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ నూటికి నూరు శాతం అని ఎర్రబడి కనిపిస్తుంటే చాలాసార్లు ఈ రాకపోకలే కారణం.

మూడోది వేడి. ఏళ్ల తరబడి ఫ్యాన్ రెక్కల వెనక దుమ్ము పేరుకుంటుంది. ప్రాసెసర్‌కీ వేడిని లాగే రాగి గొట్టానికీ మధ్య పూసిన థర్మల్ పేస్ట్ ఎండిపోతుంది. ప్రాసెసర్ వంద డిగ్రీలకు చేరువైతే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం మొరాయించే ల్యాప్‌టాప్, వీడియో మొదలుపెట్టిన పది నిమిషాలకు నత్తనడక పట్టే ల్యాప్‌టాప్ ఈ కోవలోవి. వీటికి కావలసింది బ్రష్షు, కొత్త పేస్టు. ఎన్నిసార్లు విండోస్ వేసినా దుమ్ము కదలదు.

మరి ఫార్మాట్ నిజంగా పనిచేసేది ఎప్పుడు? లోపం డిస్క్ మీది రాతలో ఉన్నప్పుడు. వైరస్ చొరబడినా, ఒకదాని మీద ఒకటి రెండు మూడు యాంటీవైరస్‌లు వేసినా, కరెంటు పోయి అప్‌డేట్ సగంలో ఆగి సిస్టం ఫైళ్లు చెడినా, పాత యజమాని ఎందుకు వేశాడో తెలియని ప్రోగ్రాములు పాతిక ఉన్నా, అప్పుడు ఓఎస్ మళ్లీ వేయడాన్ని మించిన వైద్యం లేదు.

[బాక్స్]
డిస్క్‌ను ముట్టకుండా పరీక్ష

లోపం రాతలోనా, విడిభాగాల్లోనా? తేల్చడానికి చవకైన పద్ధతి లైవ్ పెన్‌డ్రైవ్. లినక్స్ మింట్, ఉబుంటు లాంటివి పెన్‌డ్రైవ్ నుంచే లేచి, లోపలి డిస్క్‌లో ఒక్క అక్షరం కూడా రాయకుండా, ర్యామ్‌లోనే నడుస్తాయి. అలా లేపి అరగంట వాడండి. అప్పుడూ తెర మినుకుమంటే, ఫ్యాన్ హోరెత్తి యంత్రం ఆగిపోతే, కీబోర్డులో కొన్ని మీటలు పలకకపోతే లోపం విడిభాగాలది. అప్పుడు మాత్రం చక్కగా నడిస్తే అనుమానం లోపలి డిస్క్ మీదికో, దాని మీది ఓఎస్ మీదికో వెళుతుంది. ఆ రెండింట్లో ఏదన్నది డిస్క్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ నివేదిక చెబుతుంది. లైవ్‌లోని డిస్క్స్ అనే పరికరంలోనే అది కనిపిస్తుంది. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క అందులో పెరుగుతూ ఉంటే, ముందు ఫైళ్లు బయటికి తీసుకుని ఆ డిస్క్‌కు సెలవివ్వాలి. దాని మీద కొత్త ఓఎస్ వేయడం దండగ.

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఎందుకు లేవదు?

ఓఎస్ ఐఎస్ఓ అనే ఒకే పెద్ద ఫైలుగా దొరుకుతుంది. సినిమా ఫైలులా దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ల్యాప్‌టాప్ లేవడం లేదని వాపోయేవాళ్లు చాలామంది. బయాస్ మొదటి 512 బైట్లు చదువుతుందనీ, యూఈఎఫ్ఐ ఒక ప్రత్యేక భాగంలోని ఫైలును వెతుకుతుందనీ చెప్పుకున్నాం. ఐఎస్ఓను కాపీ చేసినప్పుడు ఆ రెండుచోట్లా ఏమీ ఉండదు, పెన్‌డ్రైవ్ ఒక మూల పెద్ద ఫైలు ఊరికే పడి ఉంటుంది. రూఫస్, బలేనాఎచర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ ఫైలును విప్పి, ఏది ఎక్కడ ఉండాలో అక్కడ రాస్తాయి. అప్పుడుగానీ మదర్‌బోర్డు దాన్ని గుర్తుపట్టదు. ఇలా రాసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నదంతా పోతుంది. పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్‌తో ఈ పని పెట్టుకోవద్దు.

ఈ ప్రాంతంలో అసలు కష్టం డౌన్‌లోడ్ దగ్గరే. లినక్స్ మింట్ ఐఎస్ఓ 3 జీబీకి అటూ ఇటూగా, విండోస్ 11ది 5 జీబీ పైనే ఉంటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్‌తో దించుకోవాలంటే రోజులు పడుతుంది. మధ్యలో సిగ్నల్ పోతే మొదటికి రాకుండా టొరెంట్ పద్ధతి ఆదుకుంటుంది. అది ఫైలును ముక్కలు ముక్కలుగా తెచ్చి, ప్రతి ముక్కనూ సరిచూసుకుని, ఆగినచోటి నుంచే కొనసాగిస్తుంది.

దించుకున్నాక సరిచూడడం మరవకూడదు. ప్రతి ఐఎస్ఓకూ 64 అక్షరాల షా-256 సంఖ్య ఒకటి తయారీదారులు ప్రకటిస్తారు. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. సగం చెడిన ఫైలుతో ఇన్‌స్టాల్ ఎనభై శాతం దగ్గర ఆగిపోవడం ఒక నష్టం. ఎవరో మార్చిపెట్టిన ఫైలు చేతికి రావడం ఇంకా పెద్ద నష్టం. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటులోకే దుండగులు చొరబడి, దొంగదారి పెట్టిన ఐఎస్ఓకు లింకు మార్చిపెట్టారు. ఊళ్లో ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోని "క్రాక్ చేసిన విండోస్"కు ఇలా సరిచూసుకునే వీలు కూడా ఉండదు.

ఓఎస్ వేశాక ఎదురయ్యే మరో చిక్కు వైఫై. ఆ చిప్పుకు డ్రైవర్ లేదు, డ్రైవర్ తెచ్చుకుందామంటే నెట్ లేదు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా ఏ డ్రైవర్ అడగకుండానే నెట్ వస్తుంది. మిగతా డ్రైవర్లను దాంతోనే తెచ్చుకోవచ్చు.

చెరిపినా చెరగనివి

గోదాంలో ఏ సరుకు ఏ మూల ఉందో రాసుకున్న పుస్తకం గుమాస్తా దగ్గర ఉంటుంది. ఫైలు డిలీట్ చేసినప్పుడు ఓఎస్ ఆ పుస్తకంలో ఒక పంక్తి కొట్టేస్తుంది, సరుకు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకం పక్కన పడేసి కొత్తది తెరవడం. ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు పుస్తకంతో పని లేకుండా గోదాం మూలమూలా వెతికి పాత ఫొటోలను, పత్రాలను బయటికి తీయగలవు. అందుకే పాత ల్యాప్‌టాప్ కొన్నవాళ్ల కన్నా అమ్మేవాళ్లు ఎక్కువ జాగ్రత్తపడాలి. ఆధార్ స్కానులు, బ్యాంకు పాస్‌బుక్కు ఫొటోలు అందులో ఉండి ఉంటాయి. తిరిగే డిస్క్ అయితే మొత్తం మీద ఒకసారి సున్నాలు రాస్తే చాలు. విండోస్‌లో రీసెట్ చేసేటప్పుడు డ్రైవ్‌ను శుభ్రం చేయమనే ఎంపిక ఉంటుంది. దానికి గంటలు పడుతుంది, ఓపిక పట్టాలి. ఎస్ఎస్‌డీలలో కొట్టేసిన భాగాలను డ్రైవ్ తనంతట తానే ఖాళీ చేసుకునే ఏర్పాటు ఉంది కాబట్టి పోగొట్టుకున్న ఫైలు తిరిగి దొరకడం చాలా కష్టం.

కొన్ని సంగతులు డిస్క్‌లో ఉండవు కాబట్టి డిస్క్‌ను ఎంత తుడిచినా పోవు. విండోస్ 8 కాలం నుంచి, అంటే 2012 నుంచి, విండోస్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లకు ప్రోడక్ట్ కీని మదర్‌బోర్డు చిప్పులోనే రాస్తున్నారు. అదే ఎడిషన్ మళ్లీ వేస్తే ఇన్‌స్టాలర్ తానే దాన్ని చదువుకుంటుంది. విండోస్ 10 వచ్చాక ఈ లెక్క మైక్రోసాఫ్ట్ సర్వర్లలో కూడా మదర్‌బోర్డు గుర్తుతో నమోదవుతోంది. సక్రమమైన విండోస్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు డిస్క్ మార్చినా లైసెన్స్ పోదు. యాక్టివేటర్ అనే దొంగ ప్రోగ్రాములతో అసలు పనే ఉండదు. వాటిలో చాలావరకు వైరస్‌ను వెంటబెట్టుకొస్తాయి.

ఇలా లెక్క సర్వర్లలో ఉండడమే కొన్నిసార్లు కొన్నవాడి కొంప ముంచుతుంది. కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లను ఆటోపైలట్ అనే వ్యవస్థలో నమోదు చేస్తాయి. ఆ పట్టికలోంచి పేరు తీయకుండానే యంత్రాన్ని అమ్మేస్తే, కొత్తగా విండోస్ వేసి నెట్‌కు కలపగానే ఏదో కంపెనీ పేరు కనిపించి ఆఫీసు లాగిన్ అడుగుతుంది. పదిసార్లు ఫార్మాట్ కొట్టినా అదే తెర వస్తుంది, ఎందుకంటే ఆ పేరు ఉన్నది డిస్క్‌లో కాదు, సర్వర్‌లో. బయాస్ పాస్‌వర్డ్ కూడా అంతే. కంపెనీల కోసం తయారైన చాలా ల్యాప్‌టాప్‌లలో అది విడి చిప్పులో ఉంటుంది, బ్యాటరీ తీసి పెట్టినంత మాత్రాన పోదు.

[బాక్స్]
శుభలేఖ అక్షరాలు ఏమయ్యాయి?

ఫార్మాట్ తర్వాత పాత శుభలేఖ ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు పాడైందని కంగారుపడతారు. పాడవలేదు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో తెలుగు, ఆకృతి ఫాంట్లతో ఒడియా టైప్ చేసిన పత్రాల్లో నిజానికి నిల్వ ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఫార్మాట్‌తో ఫాంటు పోయింది, లోపలి సంఖ్యలు బయటపడ్డాయి. కాబట్టి ఫార్మాట్‌కు ముందు ఫాంట్ల ఫోల్డరును కూడా దాచుకోవాలి.

యూనికోడ్‌లో టైప్ చేసిన పత్రానికి ఈ బెడద లేదు. అందులో తెలుగు అ అన్నా ఒడియా అ అన్నా దేనికది ప్రత్యేక సంఖ్య. ఓఎస్ ఎంత కొత్తదైతే అన్ని ఎక్కువ లిపులు దానితోపాటే వస్తాయి. సవర భాష కోసం 1936లో మంగై గొమాంగో రూపొందించిన సొరా సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మలా యూఐ ఫాంటులో తెలుగు, ఒడియాలతో పాటు ఆ లిపీ ఉంది. విండోస్ 7 ఉన్న యంత్రంలో ఆ లిపిలో రాసిన పత్రం డబ్బాల వరసగా కనిపిస్తుంది.

ఒక చిన్న బ్యాటరీ, తెరుచుకోని వెబ్‌సైట్లు

ఓఎస్ కొత్తగా వేశారు. వైఫై కలిసింది. అయినా ఏ వెబ్‌సైటు తెరిచినా "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అంటుంది. మూలన గడియారం చూస్తే తేదీ ఎప్పటిదో, పదేళ్ల కిందటిది. ల్యాప్‌టాప్ ఆపేసినా గడియారం నడవడానికి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, చాలా యంత్రాల్లో సీఆర్2032 రకం. ఏళ్లు గడిచేకొద్దీ అది అయిపోతుంది. గడియారానికీ వెబ్‌సైటుకూ సంబంధం ఏమిటంటే, ప్రతి సురక్షిత వెబ్‌సైటూ తానెవరో చెప్పే డిజిటల్ పత్రం చూపిస్తుంది. ఆ పత్రం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకానే చెల్లుతుంది. మన యంత్రం ఇంకా 2012లోనే ఉన్నాననుకుంటే ఇవాళ్టి పత్రం దాని దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. అందుకే నమ్మదు. బిళ్ల బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే వెబ్‌సైట్లు తెరుచుకుంటాయి. దీనికోసం మళ్లీ ఫార్మాట్ కొట్టించినవాళ్లు ఉన్నారు.

2025 అక్టోబర్ 14 తర్వాత

ఆ రోజుతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 7కు 2020 జనవరి 14నే ముగిసింది. మద్దతు ముగిసినంత మాత్రాన ల్యాప్‌టాప్ ఆగిపోదు, నిన్నటిలాగే నడుస్తుంది. మరి భయం దేనికి?

ఓఎస్‌లో లొసుగు బయటపడినప్పుడల్లా తయారీదారు దిద్దుబాటు పంపుతాడు. దిద్దుబాటుకు ముందూ తర్వాతా ఫైళ్లను పోల్చి చూస్తే లొసుగు సరిగ్గా ఎక్కడుందో దుండగులకూ తెలిసిపోతుంది. కాబట్టి దిద్దుబాటు వచ్చిన రోజు నుంచి, దాన్ని వేసుకోని యంత్రాలకు ముప్పు తగ్గకపోగా పెరుగుతుంది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లొసుగును సరిచేసింది. రెండు నెలలకు, మే 12న, అదే లొసుగు గుండా వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. దిద్దుబాటు వేసుకోని విండోస్ 7 యంత్రాలే ఎక్కువగా దాని వాత పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి. మద్దతు ముగిసిన ఓఎస్‌కు ఇలాంటి దిద్దుబాటు ఇక రాదు. బ్రౌజర్లూ దారి మార్చుకుంటాయి. క్రోమ్ 2023 ఫిబ్రవరి నుంచి విండోస్ 7, 8.1లకు కొత్త వెర్షన్లు ఆపేసింది.

విండోస్ 11 వేద్దామంటే దానికి షరతులున్నాయి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, యూఈఎఫ్ఐ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్. ఎనిమిదో తరం 2017లో వచ్చింది. అంతకుముందు తయారైన యంత్రం, దాని ప్రాసెసర్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా, అధికారికంగా గుమ్మం బయటే. షరతుల్ని తప్పించి వేసే కిటుకులు తిరుగుతున్నాయి గానీ, అలా వేసినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు.

మిగిలిన దారులు రెండు. ఒకటి, విండోస్ 10లోనే ఉండి, అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరడం. మామూలు వినియోగదారులకు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ఆ గడువు 2026 అక్టోబర్ 13. రెండు, లినక్స్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నెల్ మీద వందల రకాల ఓఎస్‌లు పుట్టాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ తెలుగు, ఒడియాలతో సహా భారతీయ భాషల్లో పనిచేస్తుంది. తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకిచ్చిన ఉచిత ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే దీన్నీ వేసి ఇచ్చారు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖంతో ఒక లినక్స్‌నే తయారుచేసింది. బ్రౌజర్, లిబ్రే ఆఫీస్, పైథాన్ పాఠాలు, ఆన్‌లైన్ క్లాసులు, ఇలాంటి అవసరాలకు లినక్స్ నిక్షేపంగా సరిపోతుంది. కానీ ట్యాలీ, అను స్క్రిప్ట్ మేనేజర్, వేలిముద్ర పరికరాలతో నడిచే సేవాకేంద్రాల సాఫ్ట్‌వేర్లు విండోస్ కోసం తయారైనవి. మీ పని వాటితో ముడిపడి ఉంటే లినక్స్ వేసి ఇబ్బందిపడొద్దు.

ఏ యంత్రం మీద డబ్బు పెట్టవచ్చు?

2023 చివర్లో కెనాలిస్ అనే విశ్లేషణ సంస్థ, విండోస్ 10 మద్దతు ముగిశాక ప్రపంచంలో 24 కోట్ల కంప్యూటర్లు చెత్తబుట్ట పాలు కావచ్చని అంచనా వేసింది. కొరాపుట్, రాయగడ జిల్లాల వాళ్లకు ఈ లెక్క దూరపు సంగతి కాదు, ఎందుకంటే కొన్ని ల్యాప్‌టాప్‌ల ఒంటికి వాడే అల్యూమినియానికి ముడిసరుకు బాక్సైట్. పంచపట్మాలి కొండ మీద నాల్కో తవ్వే బాక్సైట్ దమన్‌జోడిలో అల్యూమినాగా మారుతుంది. రాయగడ జిల్లా కాశీపూర్‌లో ఉత్కళ్ అల్యూమినా చేసేదీ ఆ పనే. ఆ అల్యూమినా నుంచి కిలో అల్యూమినియం తీయాలంటే సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. అల్యూమినియం ఒంటితో వచ్చే ల్యాప్‌టాప్‌లో చిప్పులు, తెర, బ్యాటరీల తయారీ ఖర్చు దీనికి అదనం. ల్యాప్‌టాప్ వల్ల వెలువడే కర్బన వాయువుల్లో ఎక్కువ భాగం మనం దాన్ని ఆన్ చేయకముందే, తయారీలోనే వెలువడి ఉంటుంది. కాబట్టి పనికొచ్చే యంత్రాన్ని ఇంకో నాలుగేళ్లు నడిపించడం ఇంటి ఖర్చుకూ మంచిదే, కొండకూ మంచిదే.

అయితే ప్రతి యంత్రమూ పనికొచ్చేది కాదు. 32 బిట్ ప్రాసెసర్ అయితే వదిలేయండి. విండోస్ 11 64 బిట్‌కే వస్తుంది, ఉబుంటు 2017లోనూ డెబియన్ 2025లోనూ 32 బిట్ ఇన్‌స్టాలర్లు ఆపేశాయి. 2 జీబీ ర్యామ్ బోర్డుకే అతికి ఉండి పెంచే వీలు లేకపోతే, 32 జీబీ నిల్వ మార్చడానికి వీల్లేని చవక రకమైతే, బయాస్ పాస్‌వర్డ్ ఉంటే, బ్యాటరీ ఉబ్బి అడుగు భాగం పైకి లేస్తుంటే కూడా అంతే. ఇవేవీ లేకపోతే వరస ఇది: లైవ్ పరీక్ష, ఫైళ్లూ ఫాంట్లూ దాచుకోవడం, ఫ్యాన్ శుభ్రం, హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ, చోటుంటే ర్యామ్ 8 జీబీకి పెంపు. ఓఎస్ వేయడం వీటన్నిటి తర్వాత. ముందే వేసి తర్వాత ఎస్ఎస్‌డీ కొంటే చేసిన పనే మళ్లీ చేయాలి.

ఇంకా కొననివాళ్లకు ఒక మాట. లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధం చేసి జేబులో పెట్టుకుని బేరానికి వెళ్లండి. డబ్బు ఇచ్చే ముందు దానితో ల్యాప్‌టాప్ లేపి, కీబోర్డులో ప్రతి మీటా నొక్కి, వైఫై కలిపి, డిస్క్ నివేదిక చూసి, తేదీ గమనించండి. తర్వాత వాళ్ల విండోస్‌నే రీసెట్ చేయించి, నెట్‌కు కలిపాక మొదటి తెర మీద ఏ కంపెనీ పేరూ రాకపోతే అప్పుడు ధర మాట్లాడండి. పరీక్ష దేనికని అడ్డుపడే అమ్మకందారు దగ్గర ఎంత చవకైనా కొనకండి.